బడి సంచికను పిల్లలకే వదలండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి కడపలో పదో తరగతి చదువుతోంది. ఈసారి బడి వార్షిక సంచికను పిల్లలే తయారు చేస్తున్నారు. నడుమ పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరగాలని ప్రెస్సులో చెప్పారట. 42 పేజీలను 44 చేయడానికి రెండు రోజులు టెన్షన్ పడ్డారు. చివరికి ఆ రెండు పేజీల్లో వంటమ్మ, వాచ్‌మన్ తాత చెప్పిన మాటలు వేశారు. నాకైతే సంచిక మొత్తంలో అవే మంచి పేజీలు!

కొన్ని బళ్లు ఈ పనంతా డీటీపీ సెంటరుకు అప్పగించేసి, ముందు పేజీలను అతిథుల ఫొటోలతో నింపేస్తాయి.

తెలుగు నిఘంటువు కూర్చిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ దొర ఈ ఊళ్లోనే పండితులను కూర్చోబెట్టి రాతప్రతులు పోల్చి, తప్పులు దిద్దించాడు. ఆయన బంగళా ఉన్న చోటే, మా ఎర్రముక్కపల్లెలో, ఇప్పుడు గ్రంథాలయం ఉంది. సంచిక వేసే పిల్లలను ఒక పూట అక్కడికి తీసుకెళ్లమని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను. ప్రూఫులు కూడా వాళ్లనే దిద్దనివ్వండి.

– ఒక తల్లి, కడప