వాయించినవారి పేరు కూడా వినిపించాలి

సంపాదకులకు నమస్కారం.

జానపద సంగీతం ప్రసారమైనప్పుడు పాడినవారి పేరు చెబుతారు, రచయిత ఎవరో తెలిస్తే ఆయన పేరూ చెబుతారు. వెనక వాద్యం వాయించినవారి పేరు మాత్రం మనకు అరుదుగా వినిపిస్తుంది. ఈ కొరత ఎంత పెద్దదో ఐర్లండ్ జానపద రేడియో వినడం అలవాటైన తరవాత నాకు మరింత స్పష్టంగా తెలిసివస్తోంది. అక్కడి సాయంకాలపు సంగీత కార్యక్రమం మొదలయ్యేసరికి మనకు అర్ధరాత్రి కావస్తుంది. అయినా ఫోనులో వినడానికి అడ్డేమీ లేదు. కన్సర్టీనా అనే చిన్న వాద్యాన్నీ, దాన్ని వాయించిన కొందరు మహానుభావులనూ నేను ఎరిగినది ఆ ప్రసారాల వల్లనే. వారిలో ఒక్కరినీ ముఖాముఖి చూడలేదు గాని, ఎవరిది ఏ ఊరో, ఎవరి బాణీ ఎవరికి వచ్చిందో అడిగితే చెప్పగలను. ఇందులో నా గొప్పేమీ లేదు. వాయించిన ప్రతి బాణీకీ ముందో వెనకో ఆ వివరాలు చెప్పడం అక్కడి వ్యాఖ్యాతలకు అలవాటు.

కన్సర్టీనా మన హార్మోనియానికి దగ్గర చుట్టం. తిత్తిలోంచి వచ్చే గాలి సన్నని లోహపు రీడును కంపింపజేస్తే స్వరం పుట్టడం రెండింటికీ సమానమే. అయితే హార్మోనియంలో ఒక చెయ్యి తిత్తికి, ఒక చెయ్యి మెట్లకు ఉంటుంది. కన్సర్టీనాలో రెండు చేతులూ రెండు పనులూ చెయ్యాలి. ఆరు పలకలుగా కోసిన రెండు చెక్క బిళ్ళల నడుమ తిత్తి ఉంటుంది. బిళ్ళలకున్న తోలు పట్టీల్లోకి చేతులు దూర్చి, ఒక కొసను మోకాలి మీద ఆనించి, లోపలికి నొక్కుతూ బయటికి లాగుతూ బొత్తాల మీద వేళ్ళు ఆడించాలి. ఇంటర్మీడియట్‌లో వీట్‌స్టోన్ బ్రిడ్జి చదివినవారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది: లండన్‌లో ఈ వాద్యానికి ఒక రూపం ఇచ్చింది ఆ చార్లెస్ వీట్‌స్టోనే. ఆయన కన్సర్టీనాలో ఒక బొత్తానికి ఒకే స్వరం. ఐర్లండ్ పల్లెల్లో నిలదొక్కుకున్నది మాత్రం జర్మనీ నమూనా నుంచి వచ్చిన ఆంగ్లో రకం. అందులో ఒకే బొత్తాం తిత్తిని నొక్కినప్పుడు ఒక స్వరం, లాగినప్పుడు మరొక స్వరం పలుకుతుంది. సాధారణంగా 30 బొత్తాలుంటాయి. వేగంగా సాగే రీల్ అనే నృత్య బాణీ వాయించేటప్పుడు తిత్తి క్షణానికొకసారి దిశ మార్చుకోవాలి. ఆ మార్పే బాణీకి నడక ఇస్తుంది, నర్తించేవారి పాదాలకు అందే ఊనికా అదే. గాలి చాలకపోతే కుడి బొటనవేలి కింద ఉన్న మీట నొక్కి, బాణీ తెగకుండా తిత్తిని సరిచేసుకుంటారు. మంచి రికార్డింగులో స్వరంతో పాటు బొత్తాల టకటక కూడా వినిపిస్తుంది. శబ్దశుద్ధి అంటూ దాన్ని తుడిచెయ్యని ఇంజనీర్లకు నా వందనం.

ఈ వాద్యానికి పెట్టనికోట ఐర్లండ్ పశ్చిమ తీరంలోని క్లేర్ కౌంటీ. అక్కడ దీన్ని ఆడవారు విరివిగా వాయించేవారు. వేదికలు వెతుక్కుని కాదు, వంటింట్లో, చుట్టుపక్కలవారు నృత్యానికి చేరినప్పుడు. 1935లో బహిరంగ నృత్యశాలలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ వచ్చిన చట్టాన్ని ఇళ్ళలో జరిగే నృత్యాల మీద కూడా ప్రయోగించడంతో ఆ కూడికలు సన్నగిల్లాయి. పెద్ద హాళ్ళలో గట్టిగా పలికే అకార్డియన్ల ముందు కన్సర్టీనా గొంతు చాలలేదు. ఇలా వెనకబడుతున్న వాద్యాన్ని దేశమంతా వినేలా చేసింది రేడియో. 1950లలో ఐర్లండ్ జాతీయ రేడియో అయిన రేడియో ఎరన్ తరఫున సంచార రికార్డింగు వాహనంతో ఊరూరా తిరిగిన కీరాన్ మాక్‌మహూనా, కిల్‌రష్ పట్టణంలో భర్తతో కలిసి మద్యశాల నడుపుతున్న ఎలిజబెత్ క్రోటీ దగ్గరికి వెళ్ళారు. ఆమె 1885లో పుట్టారు; అప్పటికి ఆరుపదులు ఎప్పుడో దాటాయి. తన చుట్టుపక్కలవారికి మాత్రమే తెలిసిన ఆమె వాదన ప్రసారమయ్యాక, ‘మిసెస్ క్రోటీ’ అంటే సంగీతాభిమానుల్లో తెలియనివారు లేకపోయారు. 1960లో ఆమె కన్నుమూశారు. మరి కొన్నేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ వాదన మనకు దక్కేది కాదు. ఇంతా చేసి ఆమె వాయించినవి కష్టమైన బాణీలేమీ కావు. తొందరలేని, నర్తకుల అడుగు ఎరిగిన నడక ఆమెది. పోటీలో బహుమతి కోసం వినేవారు దాన్ని దాటిపోతారేమో. మాక్‌మహూనా దాటిపోలేదు. 1970 నుంచి 2005 దాకా ఆదివారం ఉదయాల్లో నడిపిన కార్యక్రమంలోనూ ఆయన వాద్యకారుల గురించి ఇంటివారిని పలకరించినంత చనువుగా, గౌరవంగా మాట్లాడేవారు.

ఇలాంటి వివరాలు చెవిన పడుతూ ఉంటే శ్రోతకు గురుపరంపర దానంతటదే తెలిసిపోతుంది. వెస్ట్‌మీత్ కౌంటీకి చెందిన విలియం ముల్లాలీ 1920లలో అమెరికాలో గ్రామఫోను రికార్డులు ఇచ్చారు. ఆ రికార్డులు విన్న క్లేర్ వాద్యకారుడు ప్యాడీ మర్ఫీ తనదైన వేళ్ళ పద్ధతి రూపొందించుకున్నారు. మర్ఫీ ప్రభావం నేటి విద్వాంసుడు నోయెల్ హిల్ మీద పడింది. హిల్ వాయించిన రీల్ విన్నప్పుడు ఈ ముగ్గురూ కలిసి వినిపిస్తారు. అదే బాణీని పేరూ ఊరూ లేకుండా వినిపించి ఉంటే, ‘బాగుంది’ అనుకుని మరచిపోయేవాణ్ణి. బెల్ హార్బర్‌కు చెందిన క్రిస్ డ్రోనీ వాదన మొదటిసారి విన్నప్పుడు వ్యాఖ్యాత ఆయన ఊరి పేరు చెప్పడం వల్లనే, ఉత్తర క్లేర్ నడకకూ పశ్చిమ క్లేర్ నడకకూ తేడా ఉందని గమనించి వినడం మొదలుపెట్టాను.

రేడియోకు ఒక వాద్యాన్ని పైకి తెచ్చే శక్తి ఎంత ఉందో, వెనక్కి నెట్టే శక్తీ అంతే ఉంది. 1940 మార్చిలో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. గమకాలు పలకవనీ, మన శ్రుతులకు సరిపడదనీ అప్పట్లో చెప్పిన కారణాలు. శాస్త్రీయ సంగీతం వరకు ఆ కారణాల్లో బలం లేకపోలేదు. రవీంద్రనాథ్ టాగూర్ వంటివారే ఆ వాద్యాన్ని ఇష్టపడలేదు. అయితే మన పద్యనాటక వేదికల మీద హార్మోనియం రాజ్యమేలుతున్న రోజులవి. పద్యం ఎత్తుకునే ముందు నటుడు శ్రుతి కోసం చూసేది హార్మోనిస్టు వైపే. రాగం సాగదీసినప్పుడు వెన్నంటి నడిచి, గొంతు అలసినచోట నింపి, వన్స్‌మోర్ పడగానే మళ్ళీ మొదటికి అందుకునేది ఆయనే. మూడు దశాబ్దాల తరవాత, 1970లలో గాని ఆ నిషేధం సడలలేదు, అదీ షరతులతో. ఆ మధ్యకాలంలో వేదిక మీద అంత పని చేసిన మన హార్మోనిస్టులకు రేడియో తలుపు మూసి ఉంది. వారిలో ఎందరి వాదన ఇప్పుడు వినడానికి దొరుకుతుంది? ఐర్లండ్‌లో ఒక రేడియో వంటింటి రీడు వాద్యాన్ని దేశానికి వినిపించిన కాలమూ, ఇక్కడ మన రీడు వాద్యాన్ని స్టూడియో బయట నిలబెట్టిన కాలమూ దాదాపు ఒకటే కావడం నాకు మింగుడుపడని సంగతి.

నిషేధాలు లేని ఈ రోజుల్లో మనం చేస్తున్నది వేరు. వాద్యాన్ని వినిపిస్తాం, మనిషిని మాయం చేస్తాం. బుర్రకథలో కథకుడి పేరు చెబుతారు. గుమ్మెట వాయించే వంతలు ‘బృందం’లో కలిసిపోతారు. ఒగ్గుకథ డోలుకూ, జముకుల కథలో జముకుకూ అదే గతి. 12 మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్యగారికి 2022లో, బుర్రవీణ దాసరి కొండప్పగారికి 2024లో పద్మశ్రీ వచ్చాక వారి పేర్లు ఊరూరా తెలిశాయి. సంతోషమే. వారిద్దరూ వాయిస్తూ పాడేవారు కూడా కావడం గమనించాలి. పాడకుండా వాయించడమే పనిగా బతికినవారి పేర్లు పురస్కారాల జాబితాల దాకా ఎలా వెళ్తాయి?

పాత టేపుల్లో వాద్యకారుల వివరాలు లేవని, ప్రసార సమయం చాలదని కొందరు అంటారు. వాద్యకారుడు పారితోషికానికి సంతకం చేసే ఉంటాడు కదా. ఆ కాగితాలు చెదలు పట్టకముందే వెతికిస్తే పేర్లు బయటపడతాయి. సమయం మాటకొస్తే, పేరు, ఊరు, గురువు చెప్పడానికి పది సెకన్లు పట్టవు.

ఇందులో పత్రికల వంతు కూడా ఉంది. జానపద కళోత్సవాల వార్తల్లో జ్యోతి వెలిగించినవారి పేర్లు, శాలువాలు కప్పినవారి పేర్లు హోదాలతో సహా వస్తున్నాయి. ఆ తరవాత ‘కళాకారులు ప్రేక్షకులను అలరించారు’ అన్న ఒక్క వాక్యంతో వార్త ముగుస్తోంది. మీ జిల్లా విలేకరులు డోలు, జముకు, గుమ్మెట, సన్నాయి, హార్మోనియం వాయించినవారి పేరు, ఊరు అడిగి రాసుకునేలా, స్థలం చాలకపోతే అతిథుల పేర్లలో ఒకటి రెండు తగ్గించి అయినా వాటిని అచ్చువేసేలా చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక శ్రోత,
తెనాలి.