మామిడి డ్రింకులో మామిడి ఎంత? కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి ఒక రైతు బహిరంగ లేఖ

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మామిడికి ధర రాకపోతే వ్యవసాయ మంత్రికి రాసుకోవాలి గానీ ఇక్కడికి ఎందుకు అని మీ కార్యాలయంలో ఎవరైనా ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టేస్తారేమో. దయచేసి పెట్టవద్దు. మా తోతాపురి రకం మామిడికాయ రేటును శాసించే అంకె ఒకటి మీ శాఖ కింద పనిచేసే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో ఉంది. పండ్ల డ్రింకు అని చెప్పి అమ్మే సరుకులో పండ్ల రసం కనీసం 10 శాతం, నిమ్మకైతే 5 శాతం ఉంటే చాలునని ఆ నిబంధన. మామిడి వరకైనా ఆ పదిని ఇరవై చేయమని అడగడానికే ఇది రాస్తున్నాను.

మాది చిత్తూరు జిల్లా. బంగినపల్లిని కొనుక్కుపోయినట్టు తోతాపురిని ఇంటికి కొనుక్కుపోయేవాళ్లు తక్కువ. పచ్చికాయ ముక్కలకు ఉప్పూకారం చల్లి అమ్మేది కొంత, మిగిలినదంతా గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీకే. జూన్, జూలై నెలల్లో కాయ ఒక్కసారిగా దిగుతుంది. ఫ్యాక్టరీ దాన్ని మాగబెట్టి, టెంక తీసి, గుజ్జును వేడిచేసి, గాలి చొరబడని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడితే ఏడాదికి పైగా ఏసీ గది కూడా అక్కర్లేకుండా నిలవ ఉంటుంది. మా కాయ కోశాక వారం ఆగడమే గగనం. ఇద్దరిలో తొందర ఎవరికో కొనేవాడికి బాగా తెలుసు.

2025లో ఏం జరిగిందో మీరూ వినే ఉంటారు. పాత గుజ్జు డ్రమ్ములు గోదాముల్లోనే ఉన్నాయి, కాయేమో విరగకాసింది. కంపెనీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, తాను 4 రూపాయలు కలుపుతానని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆ నాలుగు కలపడం మంచి పని, అందులో నాకు సందేహం లేదు. కానీ చాలామందికి గేటు దగ్గర ఆ ఎనిమిదీ దక్కలేదు. టోకెన్ చేతిలో ఉన్నా ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడిపోయాయి. ఎండకు పైకాయ మెత్తబడి, బరువుకు అడుగుకాయ చితికి, ట్రాలీ సందుల్లోంచి రసం కారుతుండేది. లోపలికి వెళ్లే వంతు వచ్చేసరికి గేటు దగ్గరి మనిషి నాలుగు కాయలు వేలితో నొక్కి చూసి తరుగు ఎంతో చెప్పేవాడు. కోత కూలీ, ట్రాక్టర్ బాడుగ కూడా రావని తెలిసి కొందరు దారిలోనే పారబోసి ఖాళీ బండితో ఇంటికొచ్చారు. అదే జూన్‌లో పక్క రాష్ట్రాల తోతాపురి మా జిల్లాలోకి రాకుండా సరిహద్దులో ఆపారు. కర్ణాటకలోని కోలారు రైతుకూ మాకూ ఏం పగ? ఉన్న కాస్త గిరాకీకి రెండు వైపులా ఎగబడాల్సి వచ్చింది, అంతే.

ఇప్పుడు లెక్కకు వస్తాను. కిలో కాయకు సుమారు అరకిలో గుజ్జు వస్తుంది. పది శాతం చొప్పున కలిపితే ఆ అరకిలోతో ఐదు కిలోల డ్రింకు తయారవుతుంది. అంటే 200 గ్రాముల డబ్బాలో ఉండేది 20 గ్రాముల గుజ్జు, 40 గ్రాముల కాయ. కిలో 8 రూపాయల లెక్కన ఆ డబ్బాలో రైతు వాటా 32 పైసలు. గుజ్జు రెట్టింపు చేసి, కాయకు పూర్తిగా 12 రూపాయలు ఇచ్చినా 96 పైసలు. గుజ్జు తీసే ఖర్చు, డ్రమ్ము, రవాణా దాని మీద పడతాయి, కాదనను. అయినా డబ్బా మీదున్న ధర పక్కన ఆ 96 పైసలను పెట్టి చూడండి. ధర పెరిగిపోతుందని కంపెనీలు చెప్పినప్పుడు ఈ లెక్క ముందు పెట్టి, వాళ్ల లెక్క కూడా అడగండి. కొన్ని కంపెనీలు ఇప్పటికే పది శాతం కంటే ఎక్కువ వేస్తున్నాయి. కనీసాన్ని పెంచితే నీళ్లూ పంచదారతో వాటికి పోటీకి దిగేవాళ్లకే ఇబ్బంది.

మీ శాఖ పేరులో ఆరోగ్యం ఉంది గనుక పంచదార సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి తీపి డ్రింకుల్లో వంద గ్రాములకు పది గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. అందులో పది గ్రాముల గుజ్జు తెచ్చే తీపి గ్రామున్నర ఉంటే ఎక్కువ. మిగిలినది మూటలోంచి పోసిందే. బొమ్మలో మాత్రం నిగనిగలాడే పండు, పక్కన ఆకు. బడి దగ్గర పిల్లలు ఆ బొమ్మ చూసి కొంటున్నారు. శాతం ఎంతో వెనకవైపు సన్న అక్షరాల్లో, పదార్థాల జాబితాలో వెతుక్కోవాలి. ఆ అంకెను డబ్బా ముందువైపు, పండు బొమ్మ పక్కనే, పేరంత పెద్దగా వేయించండి. తెలుగునాట అమ్మే డబ్బా మీద తెలుగులో కూడా ఉంటే మా అమ్మలాంటి వాళ్లు చదువుకుంటారు.

ఇలాంటివి మీ సంస్థకు కొత్త కాదు. 2024 జూన్‌లో, గాఢరసంలో నీళ్లు కలిపి తయారుచేసిన జ్యూసుల మీద '100 శాతం పండ్ల రసం' అన్న మాట తీసేయమని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అచ్చయి ఉన్న లేబుళ్లను సెప్టెంబరు ఒకటిలోగా వాడేసుకోమని గడువిచ్చింది. అదే పద్ధతిలో దీనికీ గడువివ్వవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి పండ్ల గుజ్జుతో చేసే డ్రింకుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కూడా. పండు పేరు చెప్పి పన్ను తగ్గించుకున్న సరుకులో పండు కాస్త పెరగాలని అడగడం న్యాయమే కదా.

కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణంలో మామిడి నెక్టార్‌కు, అంటే గుజ్జులో నీళ్లు, తీపి కలిపి చేసే పానీయానికి, కనీసం 25 శాతం పండు ఉండాలి. ఐరోపా సమాఖ్య కూడా అదే అంకె పెట్టుకుంది. మన దగ్గర నెక్టార్ వేరు, డ్రింకు వేరు అని అధికారులు అంటారు, నిజమే. కానీ ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ మామిడి పండించే దేశంలో పిల్లవాడు తాగేది ఆ రెండో రకమే. నేనడిగే ఇరవై ఆ పాతికకు ఇంకా తక్కువే.

చేయవలసింది పెద్ద పథకం కాదు. ఖజానాలోంచి రూపాయి తీయనక్కర్లేదు. ఇరవై శాతం నిబంధన, ముందువైపు అంకె, ఈ రెండింటినీ కలిపి ముసాయిదా విడుదల చేయించండి. అభ్యంతరాలు వినేటప్పుడు కంపెనీల వాళ్లతోపాటు చిత్తూరు, కోలారు, తమిళనాడులోని కృష్ణగిరి రైతులనూ పిలవండి. ఫ్యాక్టరీలు గుజ్జు ఆర్డర్లు మాట్లాడుకునేది సీజనుకు ముందే. కాబట్టి తోటలు పూతకు వచ్చే జనవరిలోగా ఆ ముసాయిదా బయటికి రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తోతాపురి రైతు,
చిత్తూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్