అమ్మలుకి నాన్న ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలూ,

ఆశీస్సులు. ఇక్కడ ఒకటే ఉక్కపోత. అమ్మ మోకాళ్లు పర్వాలేదు. నువ్వు ఫోన్ చేసి అడిగి చాలా రోజులైంది కాబట్టి నేనే చెబుతున్నాను. మొన్న శారద పిన్ని వచ్చి, నువ్వు అక్కడ అమెరికా పౌరసత్వానికి పెట్టుకున్నావనీ, ఇక ప్రమాణమే మిగిలిందనీ అంది. నిజమా అని నేను అడగను. నీ ఇష్టం.

తోచక పాత క్లాసు నోట్సు తిరగేస్తున్నాను. సార్వభౌమాధికారాన్ని, అంటే రాజ్యంలో అందరి మీదా ఉండే ఆఖరి అధికారాన్ని, ముక్కలు చెయ్యడం కుదరదని ఫ్రెంచి పండితుడు బోదాఁ 1576లోనే రాశాడు. తాను ఎవరికీ లొంగక అందరినీ లొంగదీసుకునేవాడే సార్వభౌముడని ఇంగ్లీషు న్యాయవేత్త ఆస్టిన్ అన్నాడు. ఉద్యోగమంతా పిల్లలకి ఇదే వల్లె వేయించాను. ఈ పెద్దమనుషులు మన ఉత్తర సర్కారులు, అంటే ఈ కోస్తా సీమ, చూసుంటే ఏమనేవారో!

పద్మనాభం కొండ గుర్తుందా? సగం మెట్లకే ఎత్తుకోమని ఏడ్చావు. ఆ కొండ దగ్గరి కథే ఇది. 1765లో మొఘల్ పాదుషా ఈ సర్కారుల సీమని ఈస్టిండియా కంపెనీకి ఫర్మానా రాసిచ్చాడు. అప్పటికి తానే అలహాబాదులో కంపెనీ నీడన ఉన్నాడు! పాలిస్తున్నది నిజాం. కంపెనీ మరుసటి ఏడు ఆయనతోనూ ఒప్పందం చేసుకుని, ఏటా సొమ్ము కడతామంది. కింద విజయనగరం రాజావారు కంపెనీకి పేష్కష్, అంటే కప్పం, కట్టాలి. ఆయన కింద మళ్లీ చిన్న జమీందార్లు. వీళ్లలో ఆస్టిన్ చెప్పిన మనిషి ఎవరు? బాకీ పేరు చెప్పి, విజయనగరం వదిలి మచిలీపట్నం వెళ్లిపొమ్మని కంపెనీ విజయరామరాజుని ఆజ్ఞాపించింది. ఆయన వెళ్లలేదు. పద్మనాభంలో నిలబడ్డాడు. 1794 జులై 10న అక్కడే యుద్ధంలో పోయాడు. పుస్తకాల్లో లేని జవాబు ఆ రోజు తుపాకులు చెప్పాయి. మీ తాతయ్య ఈ కథ చెప్పినప్పుడల్లా కంపెనీని తిట్టకుండా అన్నం ముట్టేవారు కాదు.

ఇప్పుడు రాజులు లేరు. మన పార్లమెంటు కూడా రాజ్యాంగ మౌలిక స్వరూపం (దాని మూల సూత్రాలు) జోలికి పోకూడదని 1973లో సుప్రీంకోర్టు తేల్చింది. పదమూడుగురు జడ్జీల్లో ఏడుగురి మాట నెగ్గింది.

అమెరికా వాళ్ల ప్రమాణపాఠం కూడా చదివాను, ఊరికే. పరాయి రాజు, రాజ్యం, సార్వభౌమాధికారం దేనికైనా ఇన్నాళ్లూ ఉన్న విధేయతని పూర్తిగా వదులుకుంటున్నానని చెప్పాలట. మన 1955 చట్టం కూడా రెండు పౌరసత్వాలకి ఒప్పుకోదు. విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే వచ్చి పోవచ్చు, ఓటు మాత్రం ఉండదు. వ్యవసాయ భూమి కొనడానికీ లేదు. ఆనందపురం పొలం వారసత్వంగా వస్తే ఇబ్బంది లేదులే, టెన్షన్ పడకు. ఏ కాగితమైనా పూర్తిగా చదవకుండా సంతకం పెట్టకు. చిన్నప్పటి నుంచీ నీకు ఆ తొందరే. వేళకి తిను. తలకి నూనె రాసుకో. శారద పిన్ని మీద కోపం పెట్టుకోకు, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

ప్రమాణం నిజమే అయితే తేదీ ముందే చెప్పు, అమ్మ సింహాచలం వెళ్లి వస్తానంటోంది. ఆ పాత పాస్‌పోర్టు అప్పగించే ముందు అన్ని పేజీలూ ఫోటో తీసి నాకు పంపు.

మీ నాన్న