సరుకిచ్చినవాడికి ఎన్ని రోజుల్లో డబ్బిస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

డీమార్ట్ సూపర్‌మార్కెట్ల అధిపతి రాధాకిషన్ దమానీ గురించి పత్రికల్లో ఎక్కువగా వచ్చేది ఆయన ఆస్తి లెక్కలే. 2017 మార్చిలో రూ.299కి ఇచ్చిన ఆయన కంపెనీ షేరు, మార్కెట్లో లిస్టయిన తొలి రోజునే రూ.604 దగ్గర మొదలైన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. తెనాలిలో చిన్న మినపప్పు మిల్లు నడుపుకునే నాకు మాత్రం ఆయన ఎదుగుదలలో అన్నిటికంటే గొప్పగా కనిపించేది వేరే ఉంది. సరుకు వేసినవాళ్లకు ఆయన సంస్థ త్వరగా డబ్బిస్తుంది.

షేర్ మార్కెట్లో పేరు సంపాదించాక ఆయన దుకాణాల వైపు వచ్చారు. ముందు నవీ ముంబైలోని నెరుల్‌లో అప్నా బజార్ అనే సహకార దుకాణాల ఫ్రాంచైజీ నడిపి చూశారు. 2002లో పొవాయ్‌లో తొలి డీమార్ట్ తెరిచారు. వీలైనంతవరకు అద్దెకు పోకుండా స్థలం కొని కట్టుకోవడం పద్ధతిగా పెట్టుకున్నారు. దాంతోపాటు సప్లయర్లకు వారం పది రోజుల్లో బిల్లు తీర్చేసి, అందుకు రేటు తగ్గించి తీసుకుంటారని మా వ్యాపారంలో పేరుంది. డీమార్ట్ చౌక ధరల వెనక ఉన్న అసలు లెక్క ఇదే. డీమార్ట్ వచ్చిన చోట కిరాణా కొట్లకు గిరాకీ పడిపోయిందన్న బాధ నిజమే, దాన్ని కాదనను.

త్వరగా చెల్లించడం ఎంత పెద్ద విషయమో మాకు తెలుసు. మా డెల్టాలో మాగాణి మినుములు ఫిబ్రవరి, మార్చిల్లో వస్తాయి. కాటా వేసిన రోజే రైతు డబ్బడుగుతాడు, అది న్యాయం. ఒకసారి ఆ పంట రాకముందు, ఏడాది చివర్లో ఒక రిటైల్ సంస్థకు మినపగుళ్లు కిలో ప్యాకెట్లు కట్టి పంపాం. గోడౌన్‌లో దించి, చలానా మీద ముద్ర వేయించుకున్నాం. నెలలో ఇస్తామన్నారు. నెల దాటాక అడిగితే ‘బిల్లు హెడ్డాఫీసుకు వెళ్లిందండీ’ అన్నారు. మరో నెల పోయాక ‘కొన్ని ప్యాకెట్లు చిరిగాయి, క్రెడిట్ నోట్ ఇవ్వండి’ అన్నారు, అంటే ఆ మేరకు బిల్లు తగ్గించుకోమని. ఆ బిల్లు మీద జీఎస్టీ మేం ఎప్పుడో కట్టేశాం. బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) వడ్డీ పెరుగుతూనే ఉంది. చేతిలో డబ్బాడక కల్లాల దగ్గర కొనాల్సిన మినుములు తర్వాత ఎక్కువ రేటుకు కొన్నాం. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, దాటితే చక్రవడ్డీతో కట్టాలి. ఫిర్యాదుకు కౌన్సిళ్లూ ఉన్నాయి. కానీ ఫిర్యాదు పెట్టినవాడికి మళ్లీ ఆర్డర్ వస్తుందన్న నమ్మకం మాలో ఎవరికీ లేదు.

అందుకే మీకో విన్నపం. ఫలానా సంస్థ కొత్త షోరూములు తెరుస్తోందని మీ వాణిజ్య పేజీలో రాసినప్పుడు, సప్లయర్లకు ఎన్ని రోజుల్లో చెల్లిస్తోందో కూడా అడిగి రాయండి. చిన్న పరిశ్రమలకు ఉన్న బకాయిలను కంపెనీలు వార్షిక నివేదికల్లో విడిగా చూపించాలి. ఆ అంకెలు మీ విలేకరులు ఏటా తీసి ప్రచురిస్తే, ఎవరికి సరుకు వేయాలో మేం చూసుకుంటాం.

– ఒక పప్పు మిల్లు యజమాని, తెనాలి