రోమ్ 476తోనే ముగియలేదు

సంపాదకులకు నమస్కారం.

ఐరోపా చరిత్రపై మీరు ప్రచురిస్తున్న వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. అయితే క్రీ.శ. 476తో రోమన్ సామ్రాజ్యం అంతరించిందని, ఆపై అంతటా చీకటి యుగమే నడిచిందని రాయడం సరికాదు. ఆ ఏడాది జర్మానిక్ సేనాని ఒడొయాకర్ గద్దె దించింది పశ్చిమ భాగాన్ని ఏలుతున్న రోములస్ అగస్తులస్‌ను మాత్రమే. కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) రాజధానిగా తూర్పు భాగం, 1204 నుంచి 1261 వరకు ఆ నగరం క్రూసేడర్ల (పశ్చిమ ఐరోపా క్రైస్తవ మతయుద్ధ సైనికుల) చేతిలో ఉన్న కాలం మినహా, 1453లో ఒట్టోమన్ సుల్తాన్ రెండవ మెహ్మద్ వశమయ్యే వరకు నిలిచింది. అక్కడివారు తమను రోమన్లమనే చెప్పుకొన్నారు. ఈ తూర్పు సామ్రాజ్యానికి బైజాంటైన్ అన్న పేరును వాడుకలోకి తెచ్చింది తర్వాతి పండితులు.

అనేక ఐరోపా దేశాల పౌర చట్టాలకు ఆధారమైన న్యాయస్మృతిని క్రోడీకరింపజేసిన ఆరో శతాబ్దపు చక్రవర్తి జస్టీనియన్ పాలించింది ఆ నగరం నుంచే. ఆయన అక్కడ కట్టించిన హేగియా సోఫియా చర్చి గుమ్మటం 558లో కూలగా, ఆయన హయాంలోనే మళ్లీ లేపారు. దాని అడుగున చుట్టూ ఉన్న 40 కిటికీల నుంచి వెలుతురు పడుతుంటే అంత బరువైన గుమ్మటమూ గాలిలో తేలుతున్నట్లు కనిపిస్తుంది. అలాంటి కట్టడాన్ని నిలిపిన కాలాన్ని చీకటి అనడానికి నాకు మనసొప్పడం లేదు. రాబోయే వ్యాసాల్లో ఈ వెయ్యేళ్లకు తగిన చోటు ఇవ్వాలని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం