పెద్దపల్లి టికెట్

విద్యానగర్, హైదరాబాద్

చిరంజీవి ప్రసన్నకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. వానలు మొదలయ్యాక అమ్మకు మోకాలి నొప్పి కాస్త పెరిగింది. అయినా లాల్‌దర్వాజా బోనాలకు వెళ్లి తీరాలని పట్టు. గోల్కొండలో బోనాలు మొదలైన దగ్గర్నుంచి ఇంట్లో ఇదే మాట. పుణెలో కూడా వానలు గట్టిగా పడుతున్నాయని టీవీలో చూపించారు. నీ గది గోడకు చెమ్మ ఎక్కిందన్నావు, ఓనరుకు చెప్పావా? చెప్పినా అతను వెంటనే చేయడు కానీ, ముందు మంచం గోడకు దూరంగా జరుపుకో. తడి తలతో ఫ్యాను కింద పడుకోకు.

నీ మెసేజ్‌లు చూస్తున్నాను. తిన్నానంటావు, బిజీ అంటావు, రేపు చేస్తానంటావు. ఇదివరకు రాత్రి భోజనం కాగానే ఫోన్ చేసేదానివి. పని పెరిగిందేమో అనుకుని ఊరుకున్నాం. కిందటిసారి మాట్లాడుతూ మాట్లాడుతూ నెట్ బాలేదని పెట్టేశావు. ఇక్కడ నా ఫోన్లో సిగ్నల్ నిండుగానే ఉందమ్మా.

మురళికి ప్రమోషన్ వచ్చింది, నీకు చెప్పాడో లేదో. పై వాటా ఖాళీ అయింది, సున్నం వేయించాలి. వనజ అత్త మొన్న శుక్రవారం వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఏదో చెప్పాలని ఉంది ఆవిడకి, టీ తాగాక చెప్పింది. మైసూరులో చదివిన ఆ స్పీచ్ థెరపీ మేడం దగ్గర నువ్వు ఆన్‌లైన్ సెషన్లు మానేశావట. 45 రోజుల్లో నత్తి పూర్తిగా పోగొడతామని గ్యారంటీ ఇచ్చే కోర్సుకు డబ్బు కట్టబోతున్నావట. శ్రావణంలో పెళ్లిచూపులకు కూకట్‌పల్లి వాళ్లు వచ్చేలోపు అయిపోవాలన్నావట. స్వాతి చెప్పిందంది. వనజ మాటల్లో సగం తీసేయాలని నాకూ తెలుసు. ఇదంతా అబద్ధమైతే ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టెయ్.

నిజమైతే మాత్రం చివరిదాకా చదువు.

ఆ కోర్సు వాళ్ల వీడియోను స్వాతి వనజ అత్తకు పంపింది, నేనూ చూశాను. ఒకబ్బాయి మొదటి రోజు పేరు చెప్పలేకపోతాడు, వారం తర్వాత గడగడా మాట్లాడతాడు. అందులో అబద్ధం ఉండాల్సిన అవసరమే లేదు. నత్తి ఉన్నవాళ్లు ప్రతి అక్షరాన్నీ సాగదీసి, లేదా చేత్తో తాళం వేసుకుంటూ మాట్లాడితే, దాదాపు అందరికీ అప్పటికప్పుడు మాట సాఫీగా వస్తుంది. పాడేటప్పుడు నత్తి దాదాపు ఉండదు. నలుగురితో గొంతు కలిపినప్పుడూ ఉండదు. అమ్మవాళ్లతో కూర్చుని విష్ణు సహస్రనామం చదివేటప్పుడు నువ్వు ఒక్క నామం దగ్గరైనా ఆగావా? అంతమాత్రాన పోయిందని ఎవరైనా అన్నామా? వారం రోజుల్లో మాట సాఫీగా తెప్పించడం తేలిక. ఆ మాటను ఆఫీసు మీటింగుకు, బ్యాంకు కౌంటరుకు, కోపం వచ్చినప్పటి పోట్లాటకు తీసుకెళ్లి ఏడాది పాటు నిలబెట్టుకోవడమే కష్టం. థెరపీ ఆపేశాక మళ్లీ తిరగబెట్టడం చాలామందికి జరిగేదే. ఆ సంగతి వీడియోలో ఉండదు.

పెద్దయ్యాక మిగిలిన నత్తిని పూర్తిగా పోగొట్టే మందు ఇప్పటివరకూ లేదు. నాయనమ్మ పోసిన వస కొమ్ము కాదు, గులకరాళ్లు కాదు, ఏదీ కాదు. చిన్నతనంలో మొదలైన పిల్లల్లో ఎక్కువమందికి దానంతట అదే తగ్గిపోతుంది. పెద్దవాళ్లలో నూటికి ఒకరికి నిలిచిపోతుంది, అందులో మగవాళ్లు నలుగురైతే ఆడవాళ్లు ఒకరు. అందుకే నీకు నీలాంటి ఆడపిల్ల ఎక్కడా తగల్లేదు. అంతే తప్ప నువ్వు పిరికిదానివని కాదు. భయం వల్ల నత్తి పుట్టదు. మెదడు మాటను నడిపించే తీరులోనే తేడా ఉంటుంది, టెన్షన్ దాన్ని పెంచుతుంది. వంశంలో కూడా వస్తుంది. 2010లో అమెరికా శాస్త్రవేత్తలు కొన్ని కుటుంబాల్లో దీనికి సంబంధించిన జన్యువులను గుర్తించారు. మన ఇంట్లో అయితే బాబాయిని చూస్తే చాలు.

ఆన్‌లైన్ అని నేను తప్పుపట్టడం లేదు. అమ్మ కూడా మొదట్లో ఫోన్లో మాటలు నేర్పేదేమిటి అంది కదా. ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ల కోసం క్యాంపర్‌డౌన్ అనే పద్ధతి ఉంది. క్లినిక్‌కు రాకుండా దూరం నుంచే దాన్ని నేర్చుకున్నవాళ్లకు, క్లినిక్‌కు వచ్చినవాళ్లతో సమానంగా మేలు జరిగిందని 2010లో ప్రచురించారు. పైగా థెరపిస్టు సమయం తక్కువ పట్టిందట. నీ విషయంలో ఇంకో లాభం కూడా ఉంది. నీకు మాట పట్టేసేది వీడియో మీటింగులోనే. అదే తెర మీద, అదే హెడ్‌ఫోన్స్‌తో సాధన చేయడం మంచిదే కదా. కానీ తెర అవతల ఉన్నదెవరో చూసుకోవాలి. మన దేశంలో స్పీచ్ థెరపిస్టు రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి, 1992 నాటి చట్టం అది. నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. ఆ కోర్సు వాళ్లను రిజిస్ట్రేషన్ నంబరు అడుగు. గ్యారంటీ అన్న మాట వినగానే నాకు అనుమానం వస్తుంది, నీకూ రావాలి. మేడంతో పొసగకపోతే మానెయ్, ఇంకొకరిని చూద్దాం. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే ప్రభుత్వ సంస్థ అలీ యావర్ జంగ్ వాళ్ల కేంద్రం ఉంది, దసరాకు వచ్చినప్పుడు వెళ్దాం.

లెక్చర్ ఇవ్వకూడదనుకున్నాను. ఇచ్చేశాను, చదువు.

బాబాయి అంటే గుర్తొచ్చింది, రామగుండం గొడవ నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. శేఖర్ పుట్టే ముందు చిన్నమ్మ పురిటికి పెద్దపల్లి వెళ్లింది. బాబాయి వారం వారం సికింద్రాబాద్‌లో రైలెక్కి చూడ్డానికి వెళ్లేవాడు. అప్పట్లో అట్ట టికెట్లు. కౌంటరు దగ్గర ఊరి పేరు చెప్పాలి, వెనక లైను. బాబాయికి ‘ప’తో మొదలయ్యే మాట వస్తే నోరు తెరుచుకునేది కాదు. రామగుండం మాత్రం సాఫీగా వచ్చేది. పెద్దపల్లి దాటాక వచ్చే స్టేషను అది. అందుకని ప్రతిసారీ రామగుండానికి టికెట్ తీసుకుని, పెద్దపల్లిలో దిగేవాడు. డబ్బులు ఎక్కువైనా పర్వాలేదనుకునేవాడు. గేటు దగ్గర అడిగేవాళ్లు లేకపోతే టికెట్ జేబులోనే ఉండిపోయేది.

బిడ్డతో వచ్చాక చిన్నమ్మ చొక్కాలు ఉతుకుతుంటే ఒకదాని తర్వాత ఒకటి రామగుండం టికెట్లు బయటపడ్డాయి. రామగుండంలో ఎవరున్నారని అడిగింది. బాబాయి జవాబు చెప్పబోయాడు. పెద్దపల్లి అన్న మాటే చెప్పాలి, అదే రావడం లేదు. మొహం ఎర్రబడింది, కళ్లు మూసుకున్నాడు, కాలు నేలకేసి కొట్టాడు. చిన్నమ్మకు అదంతా తప్పు చేసినవాడి తడబాటులా కనబడింది. ఏడుపు, గొడవ. నాయనమ్మ నన్ను పిలిపించింది, చిన్నమ్మ వాళ్ల అన్న కూడా దిగాడు. అందరం కూర్చున్నాం. మేమంతా చూస్తుంటే వాడికి ఒక్క మాటా పెగల్లేదు. చివరికి గోడకున్న క్యాలెండర్ కాగితం చింపి, వెనక రాశాడు: ‘నాకు ప రాదు. అందుకే రామగుండం.’

చిన్నమ్మ ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో పెట్టుకుంది. తర్వాతిసారి ఇద్దరూ బిడ్డను తీసుకుని స్టేషనుకు వెళ్లారు. చిన్నమ్మ పక్కనే నిలబడింది, తను మాత్రం నోరు విప్పలేదు. లైన్లో వాళ్లు అరిచారు, కౌంటరులో ఆయన తనే నాలుగు ఊళ్ల పేర్లు అందించాడు. బాబాయి తల అడ్డంగా ఊపుతూ పె, పె అంటూ నిలబడి, ఎంతసేపైతేనేం, పెద్దపల్లి అన్నాడు. జనరల్ బజార్ కొట్లో ఇప్పుడూ నత్తితోనే పొద్దస్తమానం మాట్లాడతాడు. పోచంపల్లి అడిగినవాళ్లకు పోచంపల్లే చూపిస్తాడు. ఒకప్పుడు ఆ మాట అనాల్సి వస్తుందని గద్వాల చీర ముందు పరిచేవాడు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, కాఫీ షాపులో పేరు అడిగితే నువ్వు రాధ అని చెప్తావని స్వాతి అంది. నత్తి ఉన్న చాలామందికి సొంత పేరే అన్నిటికంటే కష్టమని మేడం చెప్పారు. నాకు అర్థమైంది. కానీ రాధ అన్నప్పుడల్లా ప్రసన్న ఇంకొంచెం బరువెక్కుతుంది తల్లీ.

ఇక కూకట్‌పల్లి వాళ్ల సంగతి. వాళ్లు వచ్చిన గంటసేపు సాఫీగా మాట్లాడి, తర్వాత ముప్పై, నలభై ఏళ్లు దాచుకుంటూ బతకడం నాకు ఇష్టం లేదు. మొదటి మాటగా నువ్వే చెప్పు: నాకు నత్తి ఉంది, మధ్యలో ఆగుతాను, పూర్తయ్యేదాకా వినండి అని. ముందే చెప్పేస్తే సగం టెన్షన్ తగ్గుతుందని థెరపీలో కూడా నేర్పిస్తారట. నువ్వు చెప్పలేనంటే నేను ముందు ఫోన్ చేసి అబ్బాయి తండ్రితో మాట్లాడతాను, కానీ నీ అనుమతి లేకుండా చేయను. వాళ్లకు వినే ఓపిక లేకపోతే ఆ సంగతి శ్రావణంలోనే తేలిపోతుంది, అది మనకే మంచిది. అసలు ఈ సంబంధమే ఇప్పుడు వద్దనిపిస్తే అదీ చెప్పు. అమ్మను నేను ఒప్పిస్తాను.

ఫోన్ చెయ్. ఆగితే ఆగు, నేను ఎక్కడికీ పోను. నీ మాటను నేను పూర్తి చేయను, అమ్మనూ చేయనివ్వను. నెట్ బాలేదని మాత్రం అనకు.

మేడం ఫీజు సంగతి నాకు వదిలెయ్. ఆఫీసు టైముకు స్లాట్ కుదరకే మానేసి ఉంటే, రాత్రి ఎనిమిది తర్వాతో ఆదివారమో ఇస్తారేమో అడుగు. ఆ కోర్సుకు ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే రసీదు ఫోటో నాకు పంపు, వెనక్కి ఎలా తీసుకోవాలో నేను చూస్తాను. నిన్ను ఒక్క మాటా అనను.

మురళి శనివారం రాత్రి బస్సుకు వస్తున్నాడు, స్వార్‌గేట్‌లో దిగుతాడు. వాడికి పుణె కొత్త, నువ్వు ఎదురెళ్లు. ఆవకాయ, కందిపొడి, నీ పాత గొడుగు ఇచ్చి పంపుతున్నాం. ఆవకాయ జాడీలో తడి చెంచా పెట్టకు. పోయినసారి పచ్చడంతా బూజు పట్టిందని అమ్మ ఇంకా అంటూనే ఉంది.

ఇట్లు,
నాన్న