ఏ ప్రతి విన్నారో కూడా రాయండి

సంపాదకుల వారికి,

ఆల్బమ్‌లను 'అనవసరంగా నెత్తికెత్తుకున్నవి', 'అన్యాయంగా మరుగునపడ్డవి' అని రెండు కుప్పలు పోసే జాబితాలు తరచూ కనిపిస్తున్నాయి. ఇష్టాయిష్టాలతో పేచీ లేదు. కానీ ఏ ప్రతి (అంటే ఆ ఆల్బమ్‌కు ఏ మిక్స్, ఏ విడుదల) విని, ఎంత వాల్యూమ్‌లో విని ఆ తీర్పు ఇచ్చారో ఒక్కరూ రాయరు. సగం తగాదా అక్కడే ఉంది.

బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' (1967) సంగతే చూడండి. రోలింగ్ స్టోన్ పత్రిక వేసిన గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 2003లో అది మొదటిది, 2020లో 24వది. ఇందులో అంత ఏముందని అడిగేవారు ముందు చూసుకోవాల్సింది ప్రతిని. అప్పట్లో బృందం దగ్గరుండి చేయించుకున్నది మోనో మిక్స్, అంటే వాద్యాలు, గొంతులు అన్నీ ఒకే ధారగా కలిపినది. ఎడమ, కుడి స్పీకర్లకు విడదీసే స్టీరియోను తర్వాత త్వరత్వరగా ముగించారు. 'షీజ్ లీవింగ్ హోమ్' మోనోలో చురుగ్గా, కాస్త పై శ్రుతిలో నడుస్తుంది; పాత స్టీరియోలో అదే పాట ఈడ్చినట్టుంటుంది. 2017లో వచ్చిన కొత్త స్టీరియో మిక్స్ మళ్లీ మోనో వేగానికే వచ్చింది. పేరొకటే, వినిపించేవి మూడు.

వాల్యూమ్ ఇంకా పెద్ద మోసగత్తె. ఒకే పాటను ఒక డెసిబెల్ పెంచి వినిపిస్తే చాలు, ఎక్కువమందికి అదే నిండుగా తోస్తుంది. ఈ ఆశతోనే మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చేసే చివరి తుదిమెరుగులో, శబ్దాన్ని పైకప్పుకు తగిలేదాకా తోశారు. మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' (2008) సీడీలో డ్రమ్ము దెబ్బ ఎగరాల్సిన చోట తల తెగి, చిరపరమని చిట్లుతుంది. గిటార్ హీరో అనే వీడియో ఆటలో అవే పాటలు అంత నొక్కకుండా వచ్చాయి కాబట్టి తేడా శ్రోతలకు వెంటనే దొరికింది. తప్పు పాటలది కాదు, సీడీది.

పోల్చదలిస్తే పద్ధతి కష్టమేం కాదు. స్ట్రీమింగ్ యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటలన్నిటినీ ఒకే శబ్ద స్థాయికి తెచ్చే అమరిక) ఆన్ చేసుకోండి. అది లేనిచోట ఫోన్‌లోని శబ్దం కొలిచే యాప్‌ను ఒకే చోట పెట్టి, రెండు ప్రతుల్లోనూ అదే పల్లవిని అర నిమిషం కొలిచి, తేడా అర డెసిబెల్ లోపుకు తెండి. ఫోన్ చూపే అంకె కచ్చితం కాకపోయినా ఫరవాలేదు, మనకు కావాల్సింది తేడా మాత్రమే. ఎల్‌పీ (గ్రామఫోన్ ప్లేట్) వినేవారికి మరో చిక్కు: ప్లేట్ అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు పరుగెడితే, లోపలి చివర 21కి పడిపోతుంది. ఆ నెమ్మది వల్ల అక్కడ 'స', 'ష'లు గరగరమంటే గాయకుణ్ణి తిట్టకండి.

నిడివిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎల్‌పీ ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలకు కట్టుబడింది. 74 నిమిషాల సీడీ వచ్చాక కత్తెర పక్కన పెట్టేశారు. ఒయాసిస్ 'బీ హియర్ నౌ' (1997) 71 నిమిషాలు, గిటార్ మీద గిటార్. విడుదలైన వారంలో పొగడ్తల వాన, కొన్నాళ్లకే దాదాపు అంతా నాలుక కరుచుకున్నారు. నిక్ డ్రేక్ 'పింక్ మూన్' (1972) అంతా కలిపి 28 నిమిషాలే; అందులో తీసేయడానికి ఒక్క నిమిషం దొరకదు.

మరుగునపడ్డవాటికి కారణం చాలాసార్లు సంగీతం బయటే ఉంటుంది. జాంబీస్ 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్' 1968లో బయటికొచ్చేసరికి బృందమే విడిపోయింది. కచేరీలు చేసి జనంలోకి తీసుకెళ్లే నాథుడే లేడు. అందులోని 'టైమ్ ఆఫ్ ది సీజన్' 1969లో అమెరికా పాటల పట్టికలో 3వ స్థానానికి ఎక్కినా అప్పటికి ఫలితం అనుభవించే బృందం లేదు. అసలు అన్యాయం అంటే ఇది. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ తొలి ఆల్బమ్ (1967) అప్పట్లో అమ్ముడుపోలేదు, నిజమే. కానీ ఇవాళ దాన్ని పొగడని జాబితా లేదు. ఇంకా దాన్ని మరుగునపడ్డదనడం ఊరంతా ఎరిగినవాణ్ణి అజ్ఞాతవాసి అన్నట్టుంది.

కాబట్టి ఇకపై ఇలాంటి జాబితా వేస్తే ప్రతి పేరు కింద మోనోనా స్టీరియోనా, ఏ సంవత్సరపు మాస్టర్, ఎన్ని నిమిషాలు అన్నవి ఒక్క వరుసలో అచ్చువేయండి. చోటు చాలదంటే పేర్లు సగానికి తగ్గించండి.

— ఒక పాఠకుడు